మా అత్త ఇంటికి గడప

ఇరవై నాలుగేళ్ళ వయసులో మనిషికి ఆకలీ నిద్రా అభిప్రాయాలూ మూడూ ఎక్కువగానే ఉంటాయి. ఆ రోజుల్లో నాకు మొదటి రెండూ కొంచెం తక్కువై, వాటి వాటా కూడా మూడోదానికే చేరింది. హైదరాబాదులో ఐదేళ్ళు ఆర్కిటెక్చరు చదివి ఎమ్మిగనూరు బస్టాండులో దిగేసరికి నా దగ్గర ఒక గుడ్డసంచీ, రెండు నల్లచొక్కాలు, డ్రాయింగు కాగితాలు చుట్టి పెట్టుకునే ఒక పొడవాటి గొట్టం (మా వీధివాళ్ళు చాలాకాలం అది దోమతెర కర్ర అనుకున్నారు), లెక్కలేనన్ని అభిప్రాయాలు ఉన్నాయి. బస్టాండు నుంచి ఇంటికి నడుస్తూ, దారిలో ఉన్న ప్రతి ఇల్లూ తప్పుగా కట్టారని తేల్చేశాను. లోపల్నుంచి మగ్గాల చప్పుడు వస్తున్న ఇళ్ళను కూడా వదల్లేదు. లోపల మనుషులు పని చేసుకుంటూ, ఆ పనికి తగ్గట్టు ఇంటిని వాడుకుంటున్నారన్న సంగతి నాకు తట్టలేదు. నాకు కనిపించింది కిటికీల వరస సరిగా లేకపోవడం.

ఆర్కిటెక్టు అంటే మా వైపు అప్పుడు ఎవరికీ తెలియదు. కనబడినవాళ్ళంతా ఒకే వరసలో అడిగేవాళ్ళు. "ఇంజినీరా?" కాదు. "మేస్త్రీనా?" కాదు. "అయితే వాస్తు సెప్తావా?" అదీ కాదు. "మరి ఏం పని సేస్తావప్పా?" ఈ చివరి ప్రశ్నకు నేను ఇచ్చే జవాబు పావుగంట పట్టేది. అందులో వెలుగు, ఖాళీ, ప్రవాహం అనే మాటలు పదేపదే వచ్చేవి. విన్నవాళ్ళు పాపం చివరిదాకా విని, "అట్లనా" అని, మా నాయన వైపు జాలిగా చూసి వెళ్ళిపోయేవాళ్ళు. ఆరు నెలలు గడిచినా నాకు ఒక్క పనీ రాలేదు. ఆ సమయంలో ఆదోని నుంచి మా అత్త ఫోను చేసింది.

అత్త మా నాయనకు అక్క. మామ ఆదోని పత్తి మార్కెట్టులో ఒక దళారీ దుకాణంలో గుమాస్తా. కూతురు పెళ్ళై బళ్ళారిలో ఉంది. పెళ్ళైనప్పటి నుంచి వాళ్ళది అద్దె కాపురమే. యజమాని కొడుక్కి పెళ్ళి కుదిరిందని ఒక ఇల్లు, వాన నీళ్ళు కారుతున్నాయని ఒక ఇల్లు, ఏ కారణమూ చెప్పకుండా ఖాళీ చేయమన్నారని ఇంకో ఇల్లు, ఇలా మారుతూ వచ్చారు. నేను చదువుకునే రోజుల్లో హైదరాబాదు రైలు ఆదోనిలో ఎక్కేవాణ్ణి, కాబట్టి అత్త ఏ ఇంట్లో ఉన్నా ఆ ఇంట్లో ఒక పూట ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని, జొన్నరొట్టెలూ చెనక్కాయల పొడీ కట్టించుకుని వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు వాళ్ళకు ఊరి చివర ఒక స్థలం అమరింది. "ఇల్లు కట్టుకుంటాండామురా. నువ్వే గీయాల," అంది అత్త. బంధువుల్లో సగం మంది వద్దన్నారట. మేస్త్రీ ఉండగా ఈ పిల్లోడెందుకన్నారట. "మావాడు ఐదేండ్లు సదివినాడు. వానికి మనమే పని ఇయ్యకపోతే ఎవరిస్తారు?" అని అత్త అందరి నోళ్ళూ మూయించింది. (ఈ సంగతి నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది. ముందే తెలిసి ఉంటే కొంచెం వినయం వచ్చేదేమో. చెప్పలేను.)

మొదటిరోజు నేను పెన్సిలు చెవి మీద పెట్టుకుని, వాళ్ళ అద్దె ఇంటి చాప మీద కూర్చుని, పెద్ద డాక్టరులా అడిగాను. "అత్తా, నీకు ఇల్లు ఎట్ల ఉండాల?"

"పైకప్పు ఉంటే మేలు," అన్నాడు మామ.

అత్త ఆయన్ను పట్టించుకోలేదు. "నాకేం కావాల్రా. గడప ఒకటి బాగుండాల, అంతే. ఇన్నేండ్లు ఎవరెవరి గడపలకో పసుపు పూసినాను. ఇల్లు మారినప్పుడంతా గడప ఆడే వదిలిపెట్టి వచ్చేది. నాదంటూ ఒకటి ఉంటే సాలు. మిగిలిందంతా నీ ఇష్టం."

ఇంత తేలికైన కోరిక నాకు ఆ తర్వాత ఏ క్లయింటూ కోరలేదు. దానికి నేను చేసిందేమిటంటే, నవ్వాను. నవ్వి, నా పావుగంట ప్రసంగం మొదలుపెట్టాను. గడప అంటే అడ్డమనీ, లోపలా బయటా ఒకటే కావాలనీ, వీధి గేటు దగ్గర మొదలైన నల్లరాయి పరుపు ఎక్కడా ఎత్తుపల్లం లేకుండా హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి, అక్కణ్ణుంచి పెరట్లోకి ఏరులా పారిపోవాలనీ, ముందు తలుపు ఒకే నిలువు గాజుపలక అనీ, దానికి చట్రం కూడా ఉండదనీ చెప్పాను. మామ నా డ్రాయింగు అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, మార్కెట్టులో పత్తి పోగు చూసినట్టు కొంచెం లాగి చూశాడు. "కాగితం మంచిది," అన్నాడు.

అత్త మాత్రం అంతా విని, మెల్లగా అడిగింది. "అంటే గడప ఉండదా?"

"అక్కర్లేదత్తా."

"నీకు తెల్సు కదా నాయనా," అంది. నేను దాన్ని ఒప్పుదల అనుకుని పెన్సిలు చెక్కుకున్నాను.

ఇల్లు నేను గీసినట్టే లేచింది. మేస్త్రీ అడ్డు చెప్పడమన్నది లేదు. పైగా ఆయనకు నాకంటే ఎక్కువ ఉత్సాహం. "సార్, పైన రెండు సింహాలు కూడా పెడ్దామా?" అని ప్రతి వారం అడిగేవాడు. సింహాలను ఆపడంలోనే నా శక్తి అంతా ఖర్చయింది. ద్వారబంధం నిలబెట్టే ముహూర్తం ఎప్పుడని అత్త రెండుసార్లు అడిగి, నిలబెట్టడానికి ద్వారబంధమే లేదని గుర్తొచ్చి ఊరుకుంది.

గృహప్రవేశం నాటికి బంధుబలగమంతా దిగింది. వద్దన్నవాళ్ళు అందరికంటే ముందు వచ్చారు. పూజారి ఆవునూ దూడనూ ముందు లోపలికి పంపమన్నాడు. మామూలు ఇళ్ళలో ఆవు గడప దగ్గర కొంచెం తటపటాయిస్తుంది, వాళ్ళూ వీళ్ళూ వెనకనుంచి తోస్తారు, అది లోపలికి పోయి హాల్లో నిలబడుతుంది, అందరూ మొక్కుతారు. మా ఇంట్లో దానికి ఏ అడ్డూ తగల్లేదు. నా సిద్ధాంతాన్ని మొట్టమొదట పూర్తిగా అర్థం చేసుకున్న ప్రాణి ఆ ఆవే. గేటు దగ్గర నల్లరాయి మీద కాలు పెట్టి, హాలు దాటి, వంటింటి పక్కగా, ఒక్క క్షణం కూడా ఆగకుండా పెరటి తలుపులోంచి వెనక సందులోకి పారిపోయింది. దూడ దాని వెంట. దూడ వెంట ఆవు యజమాని, "హై, హై" అనుకుంటూ. హారతి పళ్ళెం పట్టుకున్న మా అమ్మ ఎటు తిరిగి చూపించాలో తెలియక వంటింటి గోడకు చూపించింది.

పూజారి కాసేపు పెరటి తలుపు వైపే చూసి, "ఇప్పుడు ప్రవేశం అయినట్టా, నిష్క్రమణం అయినట్టా?" అని అడిగాడు.

"రెండూ ఒకటే స్వామీ," అన్నాడు మామ. "మావాడు అట్లనే గీసినాడు. లోపలా బయటా ఒకటే."

అందరూ నవ్వారు. అసలు కష్టం తర్వాత వచ్చింది. పూజారి గడప పూజకు కూర్చోబోయి, గేటు నుంచి హాలు దాకా రెండుసార్లు నడిచి, తలగోక్కుని, "అమ్మా, గడప యాడుంది?" అన్నాడు. నవ్వు ఆగిపోయింది. అందరి చూపూ నా మీదికి, నా నుంచి అత్త మీదికి వెళ్ళింది. మా దాయాదుల్లో ఒకాయన (పేరెందుకు, మా ఇంట్లో ఆయన్ని 'ముందే చెప్పినాయన' అంటారు) గొంతు సవరించుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోగా అత్త పసుపు గిన్నె తీసుకుని గాజుతలుపు ముందు కూర్చుంది. తడిపిన పసుపులో నాలుగు వేళ్ళు ముంచి, ఆ నల్లరాయి మీద ఈ గోడ నుంచి ఆ గోడదాకా అడ్డంగా ఒక పట్టీ పూసింది. దాని మీద కుంకుమ బొట్లు పెట్టి లేచి, "ఇదే స్వామీ గడప. మావాడు కనపడకుండా పెట్టినాడు," అంది. కుడికాలు ఎత్తి, నిజంగా అక్కడ ఒక జానెడు దుంగ ఉన్నట్టే, ఆ పట్టీని దాటింది. ఆమె వెనక మామ, ఆయన వెనక బంధువులు ఒక్కొక్కరే, పట్టుపంచెలు పైకి పట్టుకుని, లేని గడపను దాటుకుంటూ లోపలికి వచ్చారు. ముందే చెప్పినాయన కూడా దాటాడు. ఆయనే అందరికంటే ఎత్తుగా కాలెత్తాడు.

ఇంత జరిగాక మనిషన్నవాడికి బుద్ధి రావాలి. నాకు రాలేదు. నాకు ఫోటోల యావ పట్టింది. బెంగళూరులో ఇళ్ళ ఫోటోలు తీసే ఒకాయనకు కబురు పెట్టాను. మంచి ఫోటోలు ఉంటే ఒక పత్రికకు పంపవచ్చు, పత్రికలో పడితే పెద్ద పనులు వస్తాయి, ఇదీ నా లెక్క. ఆయన వస్తానన్న తేదీ వాయిదా పడుతూ వచ్చింది. అప్పటిదాకా ఇల్లు నేను గీసినట్టే ఉండాలని అత్తకూ మామకూ గట్టిగా చెప్పాను. గోడకు మేకు కొట్టకూడదు. క్యాలెండరు వద్దు. మామ ఇనప కుర్చీ హాల్లో కనబడకూడదు. స్టీలు సామాన్ల స్టాండు వంటింట్లో బిగించకూడదు. ఫోటోలు అయ్యాక ఏమైనా చేసుకోండి.

వాళ్ళు ఆ మాటకు కట్టుబడ్డారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుపోతుంది. నేను ఎమ్మిగనూరు నుంచి వచ్చినప్పుడల్లా మామ బజారు నుంచి వచ్చి, చొక్కా విప్పి, తగిలించడానికి మేకు లేక భుజం మీద వేసుకుని నిలబడేవాడు. కుర్చీ స్నానాలగదిలో ఉండేది. పేపరు చదవాలంటే ఆయన అందులోకే పోయి చదువుకునేవాడు. "మా ఇంట్లో కూర్చునే గది ఒకటే అప్పా, లోపల గడియ కూడా ఉండాది," అని వచ్చినవాళ్ళకు చెప్పేవాడు. పత్తి రోజుల్లో జిన్నింగు మిల్లుల దూది గాలికి ఎగిరి, ఏ అడ్డూ లేని గుమ్మంలోంచి లోపలికి దొర్లుకుంటూ వచ్చేది. అత్త పొద్దునా సాయంత్రం ఊడ్చేది. శుక్రవారం మాత్రం తలుపు ముందు పసుపు పట్టీ పూసేది. సాయంత్రానికి వచ్చేపోయే కాళ్ళకు అది చెరిగిపోయేది. మళ్ళీ శుక్రవారం పూసేది.

చివరికి ఫోటోలాయన వచ్చాడు. వచ్చింది శుక్రవారం. నేను పొద్దున్నే వెళ్ళేసరికి అత్త అప్పుడే పట్టీ పూసి, గిన్నె పట్టుకుని లేస్తోంది. నల్లరాయి మీద పచ్చటి పసుపు. నా కళ్ళకు అది మచ్చలా కనిపించింది. తడిగుడ్డ తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పట్టీని నేనే తుడిచేశాను. ఆరని పసుపు కదా, సులభంగా పోయింది. తల ఎత్తితే అత్త అక్కడే నిలబడి చూస్తోంది. ఆ మొహంలో కోపం వెతికాను, లేదు. "మేము ఉంటే నీకు అడ్డం. ఎదురింట్లో కూర్చుంటాం లేరా," అని, స్టీలు సామాన్ల మూట మామ నెత్తిన పెట్టి, ఊరగాయ జాడీ తను చంకన పెట్టుకుని రోడ్డు దాటింది.

ఫోటోలాయన లోపల రెండు గంటలు పనిచేశాడు. నేను ఆకాశంలో ఉన్నాను. తర్వాత ఇంటి ముఖం తీయాలని రోడ్డు దాటి ఎదురింటి ముందుకు వెళ్ళాం. కెమెరా కాళ్ళు ఎదురింటి మెట్టు మీద పెడితే తప్ప ఇల్లు మొత్తం రావడం లేదు. ఆ మెట్టు మీద అత్త కూర్చుని ఉంది, పక్కన జాడీ. ఆ ఇంటామెను వీధంతా ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేది. ఖాలా అత్తకు విసనకర్రతో విసురుతోంది.

"సార్, ఆ అమ్మను స్వల్ప లేవమనండి," అన్నాడు ఫోటోలాయన, కన్నడం కలిసిన తెలుగులో.

నేను లేవమని చెప్పడానికే వెళ్ళాను. అబద్ధం ఎందుకు. నోట్లో ఆ మాట సిద్ధంగానే ఉంది. ఇంతలో కొత్తిమీర అమ్ముకునే ఆమె బుట్ట దించి, మా ఇంటి గాజుతలుపు వైపు గడ్డం చూపించి, "ఎవరిదక్కా ఆ ఇల్లు? నీదేనా?" అని అత్తను అడిగింది.

అత్త కాస్త ఆలోచించింది. "ఫోటోలు అయిపోతే మాదే," అంది.

హాస్యానికి అనలేదు. ఎత్తిపొడుపు అసలే కాదు. లెక్క చూసుకుని నిజం చెప్పింది. ఖాలా కొంగుతో నోరు మూసుకుని నవ్వి, నన్ను చూసి నవ్వు ఆపేసింది. "క్యా బేటా, మా మెట్టు కూడా కావాల్నా? లేస్తాం, లేస్తాం," అంది. అత్త అప్పటికే జాడీ చంకన పెట్టుకుని లేచి, ఇంకా ఎటు జరగాలా అని అటూ ఇటూ చూస్తోంది. పొద్దున నేను నా చేత్తో తుడిచింది ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. జీవితమంతా ఇంకొకరి వాకిట్లో బతికిన మనిషి, సొంత ఇల్లు ఎదురుగా పెట్టుకుని మళ్ళీ ఇంకొకరి మెట్టు మీద కూర్చుంటే, అక్కణ్ణుంచి కూడా లేపడానికి వచ్చినవాణ్ణి నేను.

జాడీ నేను తీసుకున్నాను. "రా అత్తా, ఇంట్లోకి పోదాం."

"ఫోటోలు అయిపోయినాయా?"

"అయిపోయినాయి."

"సార్, ఎలివేషన్ ఒక్కటీ తీయలేదు!" అని వెనకనుంచి ఆయన మొత్తుకున్నాడు. తీయలేదు. ఇంటి ముఖం లేకుండా లోపలి ఫోటోలు మాత్రమే పంపితే ఏ పత్రికవాళ్ళు వేస్తారు? వెయ్యలేదు. ఆ సాయంత్రమే మామ ఇనప కుర్చీని హాలు నడిమధ్యలో వేసుకుని కాళ్ళు చాపుకున్నాడు. మేకులు నేనే కొట్టాను, సగం వంకరగా.

తర్వాత వారం వడ్రంగిని పిలిచి వేపమానుతో గడప, ద్వారబంధం చేయించాం. అది పెట్టాలంటే గాజుతలుపు ఊడదీయాలి, నల్లరాయి కొట్టాలి. మొదటి దెబ్బ నేనే వేశాను. మామ కుర్చీలోంచే చూస్తూ, "లోకమంతా ముందు వాకిలి నిలబెట్టి తర్వాత ఇల్లు కడ్తారు. నువ్వు ఇల్లు కట్టి వాకిలి నిలబెడ్తాండావు. ఇదేనా మోడ్రన్ అంటే?" అన్నాడు. గడప కింద అత్త నవధాన్యాలు పోసింది. బంధువులు అడిగితే మాత్రం, "గడప తర్వాత పెట్టాలని వాడు ముందే అనుకున్నాడు, కట్టె బాగా ఆరాలని ఆగినాడు," అని చెప్పింది. ఎంత మంచి అబద్ధం! దాన్ని మోసినందుకు ఆమెకు నేను ఎన్నడూ సరిగా దణ్ణం కూడా పెట్టలేదు. ఇక్కడ పెడుతున్నాను.

నాకు రెండో పని ఇచ్చింది ఖాలా. కొడుకు ఇల్లు కడుతుంటే, "ఆ పిల్లోడు ఇల్లు పగలగొట్టి సరిచేస్తాడు, మంచోడు," అని సిఫార్సు చేసింది. అలా ఒకరి నోటి నుంచి ఒకరికి పాకి, ఆదోని, ఎమ్మిగనూరు, దేవనకొండ దాకా నాకు పని దొరికింది. నేత షెడ్లు కట్టాను, పాత గోదాములు బాగు చేశాను, పత్తికొండలో టమోటాలు దించుకునేందుకు ఒక నీడ కట్టాను. పెద్ద పేరేమీ రాలేదు. ఇప్పుడు ఎవరైనా కుర్రవాళ్ళు ఆఫీసుకు వచ్చి మీ డిజైన్ ఫిలాసఫీ ఏమిటి సార్ అని అడిగితే కొంచెం కంగారు పడతాను. కొత్త ఇల్లు గీసేముందు ఆ ఇంటివాళ్ళ దగ్గర రెండు రోజులు ఊరికే కూర్చుంటాను, వాళ్ళు చెప్పుకుంటూ పోతే నవ్వకుండా వింటాను. దాన్ని ఫిలాసఫీ అంటారో లేదో తెలియదు. వెలుగు, ఖాళీ నాకు ఇప్పటికీ ఇష్టమే. కాకపోతే ఖాళీని నేను వదిలిపెడతాను, నింపుకునేది వాళ్ళు.

గడప పెట్టాక వచ్చిన మొదటి శుక్రవారం నేను ఎమ్మిగనూరు బస్సు దిగి నేరుగా అత్త ఇంటికి వెళ్ళాను. మధ్యాహ్నం కావస్తోంది. ఆకలి. కాలు లోపల పెట్టబోతుంటే అత్త హాల్లోంచి కేకేసింది. "ఆగరా! పసుపు పూసినాను, తడి ఆరలే. దాటేటప్పుడు కాలు తగుల్తాది. ఆరేదాకా ఆడే నిలబడు." గొంతులో ఎంత అధికారం! ఆ ఇంట్లో ఆమె నోటి నుంచి నేను విన్న మొదటి ఆజ్ఞ అది. "అట్లనే అత్తా," అని బయట నిలబడ్డాను. ఆదోని ఎండ నడినెత్తిన దిగుతోంది. నీడకు జరుగుదామని చూస్తే నీడ లేదు. తలుపు మీద సన్‌షేడ్ ఉంటే గోడ అందం చెడిపోతుందని దాన్ని కూడా తీసేయించిన మహానుభావుణ్ణి నేనే మరి. నల్లచొక్కా వేసుకుని, చెమటలు కక్కుతూ, పసుపు ఎప్పుడు ఆరుతుందా అని వేపగడప వంక చూస్తూ నిలబడిన ఆ కుర్రవాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. వాడికి ఒక గ్లాసు మజ్జిగ ఇవ్వాలనిపిస్తుంది. ఇంకాసేపు అక్కడే నిలబడనిమ్మని కూడా అనిపిస్తుంది.